‘త్వరలో’ అని మా బోర్డు మీద రాయను

పోయిన మంగళవారం ఒక కంపెనీ రెప్ పోస్టరు తీసుకుని మా షాపుకి వచ్చాడు. మనిషంత ఎత్తున్న పోస్టరు. మొత్తం నలుపు, మధ్యలో మూసి ఉన్న ల్యాప్‌టాప్, దాని అంచు మీద సన్నటి వెలుతురు గీత. కింద పెద్ద అక్షరాలతో ఒక్కటే మాట: ‘త్వరలో’. బయట తలుపు పక్కనున్న తెల్లబోర్డు మీద అంటించమన్నాడు. అంటించనని చెప్పాను. “ఏం సార్, రోడ్డు పొడుగునా అందరూ పెట్టుకుంటా ఉండారు, మీకు మాత్రం ఏమైంది?” అని నొచ్చుకున్నాడు. టీ తెప్పించి, నచ్చజెప్పి పంపాను. పోస్టరు మాత్రం కౌంటర్ మీదే వదిలేసి వెళ్లాడు.

అతను వెళ్లాక మా షాపులో పనిచేసే కుర్రాడు అడిగాడు. “దాంట్లో అబద్ధం ఏముందన్నా? వస్తాదని చెప్తా ఉండారు. ఎప్పుడో ఒకప్పుడు వస్తాది గదా.” వాడు పెడసరంగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌కి స్క్రూలు బిగిస్తూ, తర్వాత చెప్తాలేరా అన్నాను. రెండు రోజులు ఆలోచించినా ఒక్క ముక్కలో చెప్పడం కుదరలేదు. అందుకే ఇంత రాస్తున్నాను.

బోర్డు మీద ఏం రాసేవాణ్ణి

మాది తిరుపతి బాలాజీ కాలనీలో చిన్న షాపు. అమ్మకమూ సర్వీసూ రెండూ ఉన్నాయి. యూనివర్సిటీకి దగ్గర కాబట్టి పిల్లలూ లెక్చరర్లూ రోజూ ఆ దారినే నడుస్తారు. షాపు తెరిచిన కొత్తలో తలుపు పక్కన మూడడుగుల తెల్లబోర్డు తగిలించి, పైన ‘కొత్తగా వచ్చినవి’ అని పెయింట్ చేయించాను. కొనకపోయినా నిలబడి చదివేవాళ్లు ఉండేవాళ్లు. చదివి లోపలికి వచ్చి, ఇది నిజమేనా అని అడిగేవాళ్లు. అదొక సరదా, ఒక గౌరవం కూడా.

అప్పట్లో విన్నదల్లా రాసేవాణ్ణి. రెప్ చెప్పింది, పేపర్లో చదివింది, రిచీ స్ట్రీట్‌కి సరుకు కోసం వెళ్లినప్పుడు చెన్నై వ్యాపారి చెవిన వేసింది, అన్నీ ఆ బోర్డు మీదకే ఎక్కేవి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొస్తూ చీటీ మీద రాసుకుని, మర్నాడు పొద్దున బోర్డు మీదకి ఎక్కించేవాణ్ణి. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఆకాష్ టాబ్లెట్ విడుదల చేసినప్పుడు కూడా పెద్దక్షరాలతో రాశాను. ముప్పై అయిదు డాలర్ల టాబ్లెట్! ఆ మాట అప్పటికి ఏడాది ముందు, 2010 జులైలో నమూనా చూపించినప్పటి నుంచీ జనం నోళ్లలో ఉంది. నెలల తరబడి పిల్లలు వచ్చి అడిగారు, వచ్చిందా అన్నా అని. ఏడంగుళాల తెర, గట్టిగా నొక్కితే తప్ప పలకని టచ్, 256 ఎంబీ ర్యామ్. ఆశించినంత పని ఆ పరికరం చేయలేదు, ఆశించినన్ని చేతుల్లోకి చేరనూ లేదు. మంచి ఉద్దేశంతో మొదలైన పని అది, దాన్ని తప్పు పట్టను. ‘త్వరలో’ అన్న మాటను నమ్మి ఒక తరం పిల్లలు ఎలా ఎదురుచూస్తారో మాత్రం అప్పుడే చూశాను. చూసి కూడా నేర్చుకోలేదు.

నేర్పింది 2018లో వచ్చిన ఒక పెద్దాయన. పాకాల వైపు ఊరు. ఆ ఏడు తోతాపురి కాయ దామలచెరువు మండీలో అమ్మిన డబ్బులో కూతురి ల్యాప్‌టాప్ కోసం ముప్పై ఎనిమిది వేలు పక్కన పెట్టాడు. పాపకి ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. జులైలో ఇద్దరూ షాపుకి వచ్చారు. ఆ బడ్జెట్‌లో చేతిలో రెండు మోడళ్లు ఉన్నాయి, రెండూ ఆ పాప చదువుకి సరిపోయేవే. కానీ లోపలికి వచ్చేముందు వాళ్లు బోర్డు చదివారు. దాని మీద నా చేతిరాతతో ‘కొత్త సిరీస్ త్వరలో. అదే ధరకి రెట్టింపు ర్యామ్’ అని ఉంది. రెప్ చెప్పిన మాట అది. ఎంత త్వరలో అని పెద్దాయన అడిగితే, వచ్చే నెలలో వచ్చేస్తాదన్నాను.

ఆగస్టులో వచ్చి అడిగి వెళ్లాడు. బ్రహ్మోత్సవాల రద్దీలో బస్సు దిగి మళ్లీ వచ్చాడు. దీపావళికి వస్తుందని రెప్ అంటే నేనూ అదే చెప్పాను. నవంబరు నెలాఖరుకి ఆ సిరీస్ మా షాపుకి చేరింది, ధర ఆరు వేలు ఎక్కువ, ర్యామ్ మాత్రం పాతదే. రెట్టింపు ర్యామ్ ఉన్న మోడల్ మన వైపు వేయలేదని రెప్ చెప్పాడు.

ఆ రోజు పాప కూడా వచ్చింది. అప్పటికి మొదటి సెమిస్టర్ దాదాపు అయిపోవచ్చింది. ఎలా చదువుకుంటున్నావమ్మా అంటే బ్యాగులోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి చూపించింది. సీ ప్రోగ్రాములన్నీ చేత్తో రాసి పెట్టుకుంది. ప్రతి లైనుకీ పక్కన నంబరు వేసింది, ఎర్ర పెన్నుతో సెమికోలన్లు దిద్దింది. కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్ ముందు కూర్చోవడానికి దొరికే కాస్త టైములో వెతుక్కోకుండా గబగబా టైప్ చేయడానికట. మిగతా రోజుల్లో ఫోన్‌లోనే ఒక యాప్ పెట్టుకుని నేర్చుకుంది. ఆ ఫోన్ తెర ఒక మూల పగిలి ఉంది. బ్రాకెట్లు కొట్టే చోటే పగిలిందన్నా అంది.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. “నువ్వు రాసింటివి గదా నాయనా, అందుకని ఆగితిమి” అన్నాడు, అంతే. పాత మోడల్ ఒకటి నా కొనుగోలు ధరకే ఇచ్చి పంపాను. దానివల్ల ఆ నాలుగు నెలలు ఆ పాపకి తిరిగి రావు. ఆ సాయంత్రం బోర్డు మొత్తం స్పిరిట్‌తో తుడిచేశాను.

అప్పటినుంచీ మూడు సంగతులు తెలిస్తేనే బోర్డు మీద రాస్తున్నాను. పూర్తి మోడల్ నంబరు, ధర, షాపులో దొరికే తేదీ. ఒక్కటి లేకపోయినా రాయను.

ఆగిన మనిషి లెక్క ఎవరూ వేయరు

మా వ్యాపారంలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది, ఆస్‌బోర్న్ కథ. 1981లో ఆడం ఆస్‌బోర్న్ చేత్తో మోసుకెళ్లగలిగే కంప్యూటరు తెచ్చాడు. దాదాపు పదకొండు కిలోల బరువు, 1,795 డాలర్ల ధర. బాగా అమ్ముడుపోయింది. తర్వాత ఇంకా మంచిది తెస్తున్నానని ముందే చెప్పుకోవడంతో జనం పాతది కొనడం ఆపేశారని, డబ్బు ఆడక 1983లో కంపెనీ దివాలా తీసిందని చెబుతారు. ఇది సగమే నిజమని, పోటీ పెరగడమూ లోపలి నిర్వహణ లోపాలూ అసలు కారణాలని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏది నిజమైనా ఆ కథలో అందరూ కంపెనీకి పోయిన డబ్బు గురించే మాట్లాడతారు. కొత్తది వస్తుందని ఆగి, అటు పాతదీ కొనక ఇటు కొత్తదీ అందక మిగిలిపోయిన మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు.

చెప్పడం వల్ల నష్టపోయిన కంపెనీ కథ అది. చెప్పడమే ఆయుధంగా వాడారన్న ఆరోపణ అంతకంటే పాతది. 1964లో కంట్రోల్ డేటా కంపెనీ 6600 అనే భారీ కంప్యూటరు తెచ్చింది. అప్పటికి ప్రపంచంలో దాన్ని మించిన వేగం లేదు. దానికి పోటీగా ఇంకా పెద్ద యంత్రం తెస్తామని ఐబీఎం ప్రకటించింది. కొనబోయినవాళ్లు ఆగిపోయారని, కాగితం మీద ఉన్న యంత్రాలతో తమ బేరాలు చెడగొట్టారని కంట్రోల్ డేటా 1968లో కోర్టుకెక్కింది. 1973లో రాజీ కుదిరింది. ఇక విండోస్ సంగతి చాలామందికి తెలిసిందే. 1983 నవంబరు 10న ప్రకటించారు, చేతికి వచ్చింది 1985 నవంబరు 20న. రెండేళ్ల పైన పది రోజులు. ఇలా మాటల్లోనే ఉండి చేతికి రాని సరుకుకి ‘వేపర్‌వేర్’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతులు, మనకెందుకు అనిపించవచ్చు. నాకు వీటిలో కనిపించేది ఒకటే. ‘త్వరలో’ అన్న మాట అబద్ధం కానక్కర్లేదు. విండోస్ వచ్చింది, ఐబీఎం యంత్రమూ వచ్చింది, మా రెప్ చెప్పిన సిరీస్ కూడా వచ్చింది. మా కుర్రాడు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. ఆ మాట ఎదుటి మనిషిని ఆపుతుంది. ఎన్నాళ్లు ఆగాలో చెప్పకుండా ఆపుతుంది. ఎదురుచూపు ఖర్చు చెప్పినవాడి మీద పడదు, విన్నవాడి మీద పడుతుంది. అది బిల్లులో ఎక్కడా కనిపించదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

దీనికి ఎదురు వాదన ఉంది, గట్టిదే. కంప్యూటరు వస్తువులు రోజులు గడిచేకొద్దీ బాగుపడతాయి, ధర కూడా తగ్గుతుంది, కాబట్టి ఆగినవాడే తెలివైనవాడు అంటారు. లెక్చరర్ ఒకాయన నాతో ఇదే వాదిస్తాడు. ఇంట్లో పనిచేసే కంప్యూటరు ఉన్నవాడికి అది నిజమే. ఆయనకి ఉంది కాబట్టి ఆగగలడు. ఏమీ లేనివాడికి ఆగడం అంటే చేత్తో రాసుకున్న నోట్‌బుక్. పైగా సెమిస్టర్ ఆగదు.

పేరు కొత్తది, లోపల ఏముంది?

మూడింటిలో మోడల్ నంబరు ఎందుకు, ధరా తేదీ చాలవా అని మా కుర్రాడే ఇంకోసారి అడిగాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

ల్యాప్‌టాప్ పేరు వేరు, మోడల్ నంబరు వేరు. పేరు ప్రకటనలో పెద్దగా ఉంటుంది. నంబరు ల్యాప్‌టాప్‌ని బోర్లించి, ఫోన్ టార్చి వేసి, కళ్లు చిట్లించి చూస్తే స్టిక్కరు మీద చివరి లైనులో దొరుకుతుంది. ఒకే పేరు కింద పది రకాలు వస్తాయి. ఒకదానిలో ర్యామ్ పెంచుకోవడానికి స్లాట్ ఉంటుంది, ఇంకోదానిలో లోపలి మదర్‌బోర్డుకే అతికించేసి ఉంటుంది. ఒకదాని తెర రంగులు బాగా చూపిస్తుంది, ఇంకోదానిలో పెళ్లిఫోటోల ఎరుపంతా ఇటుక రంగులో కనిపిస్తుంది. ప్రకటనలో బొమ్మ మాత్రం ఒకటే.

ప్రాసెసర్ సంగతి చూడండి. ఏఎమ్‌డీ కంపెనీ 2023 ల్యాప్‌టాప్‌ల కోసం 7000 నంబర్లు మొదలుపెట్టింది. మొదటి అంకె 7 చూసి కొత్తదే అనుకుంటాం. కానీ లోపలి కోర్, అంటే అసలు లెక్కలు చేసే భాగం, ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520యూలో ఆ అంకె 2. అంటే జెన్ 2 కోర్‌లు, మొదట 2019లో వచ్చిన డిజైన్. 7730యూలో జెన్ 3. 7840యూలో జెన్ 4. మూడూ ఒకే వరుసలో, ఒకే ఏడాది నంబర్లతో మా షెల్ఫ్ మీద పక్కపక్కనే కూర్చున్నాయి. కంపెనీకి అన్యాయం చేయకుండా ఇంకో మాటా చెప్పాలి. నంబరు ఎలా చదవాలో వాళ్లే 2022లో పట్టిక వేసి బయటపెట్టారు. 7520యూ కూడా కోర్ పాతదే అయినా మిగతా చిప్ కొత్తగా చేసింది, గ్రాఫిక్స్ కొత్తవి, మెమరీ కొత్త రకం, కరెంటు తక్కువ తీసుకుంటుంది. మెయిళ్లు చూసుకోవడానికీ టైపింగ్‌కీ మంచి చిప్ అది. ఎక్కడా అబద్ధం లేదు. కానీ ఆ పట్టికని పాకాల నుంచి వచ్చే పెద్దాయన ఎక్కడ చూస్తాడు? ఆయన చూసేది మా షాపు బయటి బోర్డే.

అందుకే పూర్తి నంబరు తెలిస్తేనే రాస్తాను, రాసినప్పుడు పక్కన తెలుగులో అర్థం కూడా పెడతాను. ‘కోర్ 2019 నాటిది, బ్యాటరీకి మంచిది, వీడియో ఎడిటింగ్‌కి వద్దు.’ ఇలా. వన్ టెరాబైట్ డిస్క్ విండోస్‌లో 931గా ఎందుకు కనిపిస్తుందో కూడా ఒక మూల శాశ్వతంగా రాసి పెట్టాను. కంపెనీ వెయ్యేసి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1,024 చొప్పున. ఇది రాశాక, ‘డెబ్బై జీబీ కొట్టేసినావు’ అని కొట్లాటకి వచ్చేవాళ్లు తగ్గారు. యూఎస్‌బీ పేర్ల గొడవ మాత్రం రాయడం మానేశాను. 3.0 అన్నదాన్నే తర్వాత 3.1లో మొదటి తరం అన్నారు, ఆ తర్వాత 3.2లో మొదటి తరం అన్నారు. వేగం మాత్రం సెకనుకి అదే 5 గిగాబిట్లు. అడిగినవాళ్లకి నోటితో చెబుతాను.

ప్రకటించిన రోజు చెప్పిన గొప్ప, అమ్మకం మొదలైన రోజు పెట్టెలో ఉండకపోవడం కూడా చూశాను. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ ఏఐ పనుల కోసమని ‘కోపైలట్ ప్లస్’ పీసీలు ప్రకటించినప్పుడు, మనం తెర మీద చూసిందంతా గుర్తుపెట్టుకుని వెతికిపెట్టే ‘రీకాల్’ గురించే ఎక్కువ చెప్పింది. భద్రత మీద అభ్యంతరాలు రావడంతో జూన్ 18న యంత్రాలు అమ్మకానికి వచ్చినప్పుడు అది లేదు. అందరికీ ఇవ్వడం మొదలైంది 2025 ఏప్రిల్‌లో. వెనక్కి తీసుకుని సరిచేయడం మంచి పనే. మే నెలలోనే నేను ఆ గొప్పని బోర్డు మీద రాసి ఉంటే మాత్రం, జూన్‌లో కొన్నవాళ్లు వచ్చి నన్నే అడిగేవాళ్లు. అడగాల్సింది కూడా నన్నే.

నా మీద నాకున్న అనుమానం

ఇక్కడిదాకా చదివినవాళ్లలో ఎవరికో ఒకరికి ఈ అనుమానం వచ్చే ఉంటుంది: ‘షాపువాడు కొత్తదాని గురించి చెప్పకపోతే లాభం ఎవరికి? పాత స్టాక్ అమ్ముకోవాలనే కదా?’

ఈ మాట నా భార్య నాతో అంది, బయటివాళ్ల కంటే ముందే. ఆగవద్దు, ఉన్నది కొనండి అని నేను చెప్పిన ప్రతిసారీ నా షెల్ఫ్ ఖాళీ అవుతుంది, నా డబ్బు తిరుగుతుంది. నేను ఎంత నిజాయితీగా చెప్పినా ఆ సలహా నాకు లాభమే. ఇది చాలా రోజులు నన్ను తినేసింది. దీనికి నేను చేసుకున్న ఏర్పాటు ఒకటుంది. షెల్ఫ్ మీద ప్రతి ల్యాప్‌టాప్‌కి ధర చీటీతో పాటు అది నా షాపుకి వచ్చిన నెల కూడా రాసి కడతాను. దాని స్థానంలో వేరేది నెలలోపు తేదీతో సహా ఖాయమైతే, అడగకపోయినా కౌంటర్ దగ్గర చెబుతాను. దీనివల్ల చేతికొచ్చిన బేరాలు పోయాయి. ఒక దసరాకి అయిదు పీసులు మిగిలిపోయి, వాటిని నష్టానికి వదిలించుకున్నాను. ఇంత చేసినా నేను పూర్తిగా తటస్థుణ్ణి అని ఎవరితోనూ అనలేను. అమ్మేవాడికి అది సాధ్యం కాదనుకుంటాను. చీటీ మీద నెల చూసి కొనేవాడే లెక్క వేసుకోవాలి.

రెండో అనుమానం ఇంకా బరువైనది. కొర్లగుంటలో చిన్న స్టూడియో నడిపే తమ్ముడు ఒకడున్నాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. 2020 అక్టోబరులో, లాక్‌డౌన్ తర్వాత ముహూర్తాలు మళ్లీ మొదలవుతున్నప్పుడు వచ్చాడు. యాపిల్ మ్యాక్‌బుక్ కొనాలి, చెన్నైలో బేరం కుదిరింది, కొనమంటావా అని అడిగాడు. నేను మ్యాక్‌లు అమ్మను, కాబట్టి నాకు దాంట్లో పైసా లేదు. కొనుక్కో అన్నాను. అప్పు చేసి, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌బుక్ ప్రో కొన్నాడు.

నవంబరు 10న యాపిల్ తన సొంత ఎమ్1 చిప్‌తో కొత్త మ్యాక్‌లు ప్రకటించింది. వారంలో, 17 నుంచి అమ్మకాలు. ఏది, ఎంత, ఎప్పుడు, మూడూ చెప్పిన ప్రకటన అది. నా బోర్డు మీద రాయదగ్గదే. కానీ తమ్ముడు అప్పటికే కొనేశాడు. కొత్త మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. వాడిది ఎడిటింగ్ పెట్టగానే ఫ్యాన్ హోరెత్తుతుంది, ఒడిలో పెట్టుకోలేనంత వేడి.

వాడు వచ్చి అడిగింది ఇది: “ఈ మార్పు వస్తాదని నీకు ముందే తెలుసా అన్నా?” తెలుసు. ఆ ఏడు జూన్‌లోనే యాపిల్ చెప్పింది, ఇంటెల్ వదిలి సొంత చిప్‌లకి మారుతున్నామని, మొదటి మ్యాక్ ఆ ఏడాది చివరిలోగా వస్తుందని. నేను చదివాను. మోడల్ లేదు, ధర లేదు, తేదీ లేదు కాబట్టి నా నియమం ప్రకారం అది వార్త కాదని పక్కన పెట్టేశాను. తెలుసురా అన్నాను. “మరి చెప్పలేదే?”

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ యంత్రం మీదే వాడు ఇవాళ్టికీ పని చేస్తున్నాడు. ఇంటెల్ మ్యాక్‌లకి టాహో అనే వెర్షనే చివరి మ్యాక్ ఓఎస్ అని 2025 జూన్‌లో యాపిల్ చెప్పినప్పుడు, ఆ వార్త వాడికి ఫోన్ చేసి నేనే చెప్పాను. ఈసారైనా ముందే చెప్పాలని.

‘నువ్వు రాసింటివి గదా’ ఒకటి. ‘మరి చెప్పలేదే’ ఇంకొకటి. పెద్దాయన మాట విని గట్టి నియమం పెట్టుకున్నాను. తమ్ముడి మాట విన్నాక ఆ నియమం మీదే అనుమానం పట్టుకుంది.

ముందుగా చెప్పాల్సినవీ ఉన్నాయి

అప్పటినుంచీ నేను గమనించింది ఏమిటంటే, ఎంత ముందుగా చెప్పారన్నది అసలు సమస్యే కాదు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోతుందని ఏళ్ల ముందు నుంచే తెలుసు. దాన్ని నేను దాదాపు రెండేళ్ల ముందే బోర్డు మీద రాశాను, ఏ ప్రాసెసర్ ఉన్నవాళ్లు 11కి మారవచ్చో కూడా రాశాను. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. చిన్న స్కూలు వాళ్లొకరు అది చదివి, ఇరవై సిస్టమ్‌లని ఒకేసారి మార్చే తాహతు లేక, ఆరు నెలలకి అయిదు చొప్పున మార్చుకున్నారు. ముందుగా చెప్పిన మాట వల్ల జరిగిన మేలు ఇది. తేదీ ఉన్న మాట రెండేళ్ల ముందు చెప్పినా మనిషి ప్లాన్ చేసుకుంటాడు. తేదీ లేని మాట రెండు రోజుల ముందు చెప్పినా వాడికి టెన్షనే తప్ప ఒరిగేది లేదు.

యాపిల్ జూన్‌లో చెప్పింది ఈ రెంటికీ మధ్యలో పడుతుంది. రోజు లేదు గానీ గడువు ఉంది, ఏడాది చివరిలోగా అని. పోస్టరు మీది ‘త్వరలో’తో దాన్ని ఒకే గాటన కట్టడం నా పొరపాటు. అక్టోబరులో వచ్చినవాడికి, ఇంకో రెండు నెలల్లో తేలిపోతుంది, పని ఆగకపోతే ఆగు, ఆగితే కొనుక్కో అని చెప్పి ఉండాల్సింది. నిర్ణయం వాడు తీసుకునేవాడు. నేను వాడి బదులు తీసుకున్నాను. ముందు పెద్దాయన బదులు కూడా నేనే తీసుకున్నాను, ఇంకో రకంగా.

మా కుర్రాడు దీనికి ఇంకో అభ్యంతరం చెప్పాడు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్ ఉంది, నువ్వు రాయకపోతే యూట్యూబ్‌లో చూస్తారు, ఎదురు షాపులో అదే పోస్టరు అంటించారు, జనం అటు పోతారు అన్నాడు. నిజమే. బుధవారం ఇద్దరు పిల్లలు మా బోర్డు చూసి, ఏమీ లేదని ఎదురు షాపులోకి వెళ్లడం నేనే చూశాను. రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒకతనైతే, మా దగ్గరే టీవీలూ ఫోన్లూ బిగిస్తాం, తిరుపతి షాపులో ఉన్న మీకే ముందు తెలియకపోతే ఎట్ల సార్ అని దెప్పాడు. సరుకు ఎక్కడ బిగించినా మా దగ్గరికి చెన్నై డిస్ట్రిబ్యూటర్ మీదుగానే వస్తుందని అతనికి చెప్పినా నమ్మలేదు.

అయినా ఫోన్‌లో పది వీడియోలు చూసినవాళ్లే చివరికి వచ్చి, ఏం చెయ్యమంటావన్నా అని అడుగుతున్నారు. అడిగేవాళ్లు ఉన్నంతకాలం, విన్నదాన్ని జల్లెడ పట్టకుండా దాటించే హక్కు నాకు లేదనుకుంటాను. జల్లెడ పట్టగా మిగిలినదాన్ని దాచే హక్కు కూడా లేదని తమ్ముడి వల్ల తెలిసింది.

శుక్రవారం ఒక స్టేషనరీ షాపులో చిన్న పలక ఒకటి కొన్నాను, పిల్లల పలకే. దాన్ని బయట పెట్టలేదు. లోపల కౌంటర్ మీద, బిల్లు వేసేటప్పుడు కనిపించేలా పెట్టాను. బయటి బోర్డు మీద మూడూ తేలినవే ఉంటాయి. పలక మీద తేలనివి. ప్రతిదానికీ ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, ఏం చెప్పలేదు అని రాయాలి. మూడు నెలలు దాటితే చెరిపేయాలి.

రెప్‌కి ఫోన్ చేసి మోడల్ నంబరు, ధర, తేదీ అడిగాను. సోమవారం చెప్తానన్నాడు. సోమవారం చేస్తే, నంబరు ఇచ్చాడు, మిగతా రెండూ పైనుంచి రాలేదన్నాడు. పలక మీద మొదటి లైను మా కుర్రాడి చేత రాయించాను. గుండ్రటి అక్షరాలు వాడివి. పూర్తి మోడల్ నంబరు రాసి, దాని కింద: ‘చెప్పింది: కంపెనీ మనిషి. చెప్పిన రోజు: సోమవారం. ధర: చెప్పలేదు. తేదీ: చెప్పలేదు. అవసరం ఉన్నవాళ్లు ఆగొద్దు.’

చివరి ముక్క నేను చెప్పింది కాదు, వాడే రాశాడు.